మగ్గం చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్

సోలాపూర్ శివార్లలో కుంభారిలోని కొత్త ఇంటికి వచ్చాక ద్రౌపదమ్మ పాట మానేసింది. ఎవరికీ చెప్పి మానలేదు, దానంతట అదే ఆగిపోయింది. మొదట్లో ఇంట్లోవాళ్లు గమనించలేదు కూడా. సామాను సర్దుకోవడం, నీళ్లు ఏ వేళకు వస్తాయో తెలుసుకోవడం, ఊళ్లోకి పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం, ఇంత గొడవలో పాట సంగతి ఎవరికి పట్టింది? బతుకమ్మ పండుగ దగ్గరపడి, పాత గల్లీ నుంచి తమతోపాటే ఈ కాలనీకి వచ్చిన బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆమె ఇంటికి వచ్చిన రోజు అసలు విషయం బయటపడింది. ఈసారి గ్రౌండులో ఆడదాం, పాట నువ్వే ఎత్తుకోవాలి అన్నారు వాళ్లు. ద్రౌపదమ్మ ఒళ్లో ఉన్న చేటలోంచి తల ఎత్తకుండానే, తన పని అయిపోయిందని, ఇంకెవరినైనా చూసుకోమని చెప్పి పంపేసింది.

ద్రౌపదమ్మ పాట ఎత్తుకోకపోవడమంటే మాటలా? వాళ్లు వదిలివచ్చిన కుంఠా నాకా గల్లీలో బతుకమ్మ చుట్టూ తిరిగిన ప్రతి ఆడమనిషీ ఆమె గొంతు పట్టుకునే తిరిగింది. కొత్త కోడళ్లకు అత్తగారి పేరు కంటే ముందు ద్రౌపదమ్మ పాట వచ్చేది.

టవళ్ల కార్ఖానాలో పని ముగించుకుని బండి మీద ఇల్లు చేరిన కొడుకు వీరేష్‌కు భార్య పూనం ఈ కబురు చెప్పింది. అతను చేతులు కూడా కడుక్కోకుండా తల్లి ముందు కూర్చున్నాడు. ఏమైంది, ఎందుకు వద్దన్నావని అడిగాడు. ఆమె బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే ఉంది.

"ముసల్తనమొచ్చింది బిడ్డా," అంది. "నోరు తెరిస్తె పాట ఎటో పోతుంది. తాళం దొరుకుతలేదు. నలుగుట్ల నవ్వులపాలు గావుడెందుకు, నక్కో, వద్దు."

మాట తేలిగ్గానే అంది కానీ కళ్లలో భయం ఉంది. మనిషి ఏదైనా పోగొట్టుకుని, అది ఎక్కడ పోయిందో తెలియకపోతే కలిగే భయం అది. తల్లి పాడకుండా ఉండటం వీరేష్ ఎన్నడూ ఎరగడు. ఆమెను మళ్లీ పాడించడం ఎలాగో తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, కంప్యూటర్. ఆమె పాత పాటల రికార్డింగులు తన దగ్గర ఉన్నాయి. వాటిని బాగుచేసి, డోలు జతచేసి, పండుగనాడు స్పీకర్లో పెడితే అమ్మ పాడకపోయినా అమ్మ పాట ఉంటుంది, అది విని ఆమెకూ ధైర్యం రావచ్చు అనుకున్నాడు.

ఇక్కడ వీరేష్ పిచ్చి గురించి కొంచెం చెప్పుకోవాలి. పిచ్చే అది, దానికి ఇంకో పేరు పెట్టడానికి లేదు. మీసాలు మొలిచిన నాటి నుంచి అతను పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఒకటి దొరికితే ఇంకోటి, అది చాలకపోతే మరోటి. ఇన్నేళ్లలో పూర్తిచేసిన పాటలెన్ని అని మాత్రం అడగకూడదు. తల్లి పాట ఒక్కటి శుభ్రంగా తయారుచేయాలి, ఆ తర్వాతే మిగతావి అని పట్టుపట్టాడు. ఆ ఒక్కటే తెమల్లేదు.

ఎందుకు తెమల్లేదంటే, మగ్గం చప్పుడు వల్ల. కుంఠా నాకాలో వాళ్ల ఇంటి వెనక గోడకు అవతలే ఒక సేట్‌ గారి పవర్‌లూమ్ కార్ఖానా. పొద్దున మొదలైతే ఆగేది కాదు. ద్రౌపదమ్మ సరిగ్గా ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని బీడీలు చుట్టేది, చుడుతూ పాడేది. ఇంకోచోట కూర్చోమంటే అక్కడ వెలుతురు చాలదనేది. పాట ఆమె అత్తగారు కట్టినది. ఊరు విడిచి రైలెక్కి, సోలాపూర్ స్టేషన్లో దిగి, కుంఠా నాకాలో గూడు కట్టుకున్న కథ.

రైలెక్కి వచ్చినం ఉయ్యాలో
రాత కొద్ది దిగినం ఉయ్యాలో

మొదటిసారి ఆ పాటను రికార్డు చేసి విన్నప్పుడు వీరేష్ అదిరిపోయాడు. ఆ గల్లీలో పుట్టినవాళ్ల చెవికి మగ్గం చప్పుడు ఆనదు. మైకుకు మాత్రం ఆనింది. ధడక్ ధడక్‌మని పాట మొత్తం మగ్గాలే. అమ్మ గొంతు ఎక్కడో అడుగున ఉంది. టవల్లో ఒక్క పోగు తప్పినా మాల్ వెనక్కి తిరిగొచ్చే పనిలో ఉన్నవాడు అతను. పాటలో ఆ చప్పుడు అతనికి నేతలో తప్పులాగే కనిపించింది. తప్పు కనిపిస్తే తీసేయడమే తెలుసు.

మొదటి సాఫ్ట్‌వేర్‌ను కొంతం చౌక్ దగ్గరుండే అనికేత్ ఇచ్చాడు. అనికేత్ మరాఠీవాడు, వీరేష్‌కు చిన్ననాటి దోస్తు, పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ సౌండ్ సిస్టం కిరాయికి ఇస్తాడు. అది సీడీలో ఎక్కించిన దొంగ కాపీ. పేరుకు నోరు తిరక్క ఇద్దరూ దాన్ని నల్లది అనేవాళ్లు, తెర అంతా నల్లగా ఉండేది కాబట్టి. నల్లదాన్ని నేర్చుకోవడానికే వీరేష్‌కు వానాకాలం, చలికాలం గడిచిపోయాయి. చేయి తిరిగిందనుకునే వేళకు ఆ సీడీతోపాటే వచ్చిన వైరస్ కంప్యూటర్ని నమిలి మింగేసింది, వేరే సీడీలో దాచిన రికార్డింగులు మాత్రం మిగిలాయి. చోరీ మాల్ కదా, చోరీ అయిపోయిందని అనికేత్ నవ్వాడు. వీరేష్‌కు నవ్వు రాలేదు.

ఆ తర్వాతిది ఉచితంగా వాడి చూడమని కంపెనీవాళ్లే ఇచ్చేది. అన్నీ చేయనిస్తుంది, ఒక్కటి తప్ప. చేసిన పనిని ఒకసారి మూస్తే మళ్లీ తెరవనివ్వదు. ఇదేం న్యాయమో! సరే, మూస్తేనే కదా అని వీరేష్ అసలు మూయనే లేదు. కంప్యూటర్ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉండేది. దుమ్ము పడకుండా ద్రౌపదమ్మ దానిమీద టవల్ కప్పేది, దాని పక్కనుంచి నడిచేటప్పుడు అడుగు మెల్లగా వేసేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గల్లీలో మగ్గాలన్నీ ఆగాయి, కంప్యూటరూ ఆగింది. ఆ రోజు వీరేష్ అన్నం ముట్టలేదు. తల్లి కంచం పట్టుకుని పక్కన కూర్చుని, పాటే కదా బిడ్డా, మళ్లీ పాడతా అంది.

పాడింది కూడా. ఎన్నిసార్లు అడిగినా కాదనలేదు పాపం. కానీ వీరేష్‌కు చప్పుడు లేని పాట కావాలి కదా, అందుకని గోడవతలి కార్ఖానాకు సెలవు రోజు చూసి పాడమనేవాడు. ఆ రోజుల్లో ఆమె పాట కుంటినడక నడిచేది. రెండు చరణాలు పాడి తడబడి, నవ్వేసి, వంటపని ఉందని లేచిపోయేది. మైకు చూసి సిగ్గుపడుతోందనుకున్నాడు. సాఫ్ట్‌వేర్లో టిక్ టిక్‌మని తాళం కొట్టే సదుపాయం ఉంటే దాన్ని ఆమె చెవులకు తగిలించి పాడమన్నాడు. దాంతో మరీ చెడింది. తాళం అమ్మకు అందడం లేదని అనికేత్‌తో అన్నాడు. ఊరందరినీ తాళం మీద తిప్పిన మనిషి గురించి అనాల్సిన మాటేనా అది? కానీ తెర మీద గీతలు అదే చెబుతుంటే ఏం చేస్తాడు.

పెళ్లయ్యాక ఫోన్లో ఒక యాప్ పట్టుకున్నాడు. పెట్రోలు బంకు దగ్గర వరుసలో నిలబడి కూడా వేలితో డోలు వాయించేవాడు. నా చెయ్యి పట్టుకున్నదానికంటే దాన్ని నిమిరిందే ఎక్కువ అని పూనం దెప్పేది. తర్వాత ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి లోకానికి ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. దానికి ఎన్ని బొత్తాలో దాన్ని చేసినవాళ్లకైనా గుర్తుండవు. అందులో చప్పుడు తీసేసే బొత్తం ఉంది. వీరేష్ ఆశగా నొక్కాడు. మగ్గాలు తగ్గాయి నిజమే, కానీ అమ్మ బావిలో కూర్చుని పాడుతున్నట్టు వినిపించింది. ఇంకొంచెం తగ్గిస్తే బావితోపాటు అమ్మా మాయమైంది.

ఇదీ అతని చరిత్ర. ఇంతలో కుంభారిలో ఇల్లు వచ్చింది. ఇక మగ్గాల పీడ వదిలింది, హాయిగా రికార్డు చేసుకోవచ్చని అందరికంటే ఎక్కువ సంబరపడింది వీరేషే. తీరా వచ్చాక అమ్మే పాడటం మానేసింది.

పండుగ ఇంకా వారం ఉందనగా అతను అనికేత్ దుకాణానికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు. అనికేత్ తాపీగా విని, ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, పాట లోపల పడేస్తే గొంతు వేరు, మిగతాది వేరు చేసి చేతిలో పెడుతుంది అన్నాడు. వీరేష్ నమ్మలేదు. "అరే భావూ, ఏక్‌దా బఘ్ తరీ," అని, ఒక్కసారి చూడమంటూ అనికేత్ అక్కడే వీరేష్ ఫోన్లోని పాత రికార్డింగు ఒకటి పెట్టి చూపించాడు.

ధడక్ ధడక్ లేదు. బావి లేదు. అమ్మ గొంతు ఒక్కటే, కడిగిన ముత్యంలా. వీరేష్ దుకాణంలో గిరాకీల ముందే కళ్లు తుడుచుకున్నాడు. సగం వయసు దీనికోసమే పోయింది మరి.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఆ గొంతుకు డోలు కట్టడం మొదలుపెట్టాడు. గొంతు డోలు మీద నిలవలేదు. ఒకచోట ముందుకు ఉరికేది, ఇంకోచోట వెనకపట్టు పట్టేది. అతనికి కోపం రాలేదు, నేతగాడికి ఓపిక ఎక్కువ. ఒక్కొక్క మాటనే కత్తిరించి, జరిపి, తెర మీది గీతలకు సరిగ్గా ఆనించాడు. వంకరపోయిన ప్రతి పోగునూ సరిచేశాడు. అంతా అయ్యాక చూసుకుంటే ఎక్కడా తప్పు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లను పిలిపించాడు. పాత గల్లీలో ద్రౌపదమ్మ పక్కింట్లో ఉండే చంద్రభాగ, ఆమె వెంట ఇంకో నలుగురు వచ్చారు. ద్రౌపదమ్మ గది మధ్యలో చేటతో కూర్చుంది. వీరేష్ అల్మారా మీద చిన్న స్పీకరు పెట్టి, తీగ లేకుండా బ్లూటూత్‌తో దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపి, పాట వినిపించాడు. ఆడవాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. కాసేపటికి ఒకరి చప్పట్లు ఆగాయి, తర్వాత ఇంకొకరివి. చంద్రభాగ మొహమాటంగా, అంతా బానే ఉంది గానీ కాలు పడటం లేదంది.

ద్రౌపదమ్మ పాట చివరిదాకా విన్నది. చేతిలో బీడీ సగంలో ఆగి ఉంది.

"గొంతు నాదే బిడ్డా," అంది. "గని నేను పోయినంక గోడకు పటం పెట్టి, దాని ముంగట పెట్టుకునే పాట లెక్కుంది. బస్, ఇంక నన్ను అడగకుండ్రి."

ఆడవాళ్లు చప్పుడు లేకుండా చెప్పులు వేసుకున్నారు. వీరేష్ తల ఎత్తలేకపోయాడు. ధైర్యం ఇద్దామని తల్లికి తన చావునే వినిపించాడు. ఇన్నేళ్లు వెతికి వెతికి తెచ్చిన వస్తువు ఆమె దగ్గర మిగిలిన ఆ కాస్త ఆశను కూడా తుడిచేసింది. అంతకంటే సిగ్గు అతనికి ఎప్పుడూ కలగలేదు.

ల్యాప్‌టాప్ తీసుకుని బయట మెట్టు మీద కూర్చున్నాడు. అన్నీ చెరిపేయాలి, నల్లదాని కాలం నుంచి నిన్నటిదాకా దాచుకున్నవన్నీ. ఒక్కొక్కటే చెరుపుతూ వచ్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్ విడదీసిన రెండో ముక్క దగ్గర ఆగాడు. గొంతు తీసేయగా మిగిలినది, ఇంతవరకు తెరిచి చూడనిది. చెత్తే కదా, అయినా ఒకసారి చూసి చెరుపుదామని నొక్కాడు. ల్యాప్‌టాప్‌లోంచి ఏమీ వినిపించలేదు. సౌండ్ మొత్తం పెంచాడు, అయినా లేదు. లోపల అల్మారా మీది స్పీకరు ఇంకా ల్యాప్‌టాప్‌కు కలిసే ఉందని అతనికి తట్టలేదు.

తలుపు వెనక నుంచి మగ్గం చప్పుడుతోపాటు అమ్మ పాట వినిపించింది. తప్పు నొక్కానా అని తెర చూశాడు, లేదు, రెండో ముక్కే నడుస్తోంది. అయితే పాట ఎక్కడిది? మెట్టు మీదే బిగుసుకుపోయి విన్నాడు. స్టేషన్ దగ్గర పెంటప్ప అనే మేస్త్రీ ఎదురొచ్చి, నేత పని వచ్చా అని అడిగిన చరణం అది. ఆ చరణం అతని రికార్డింగుల్లో ఎక్కడా లేదు. ఎన్నడూ విననేలేదు.

మెల్లగా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. గది నిండా మగ్గాలు ఆడుతున్నాయి, స్పీకరు చిన్నదే అయినా అల్మారా అదురుతోంది. తల్లి గది మధ్యలో లేదు. ఎప్పుడు జరిగిందో, గోడకు వీపు ఆనించి కూర్చుంది. వేళ్లు ఆకును చుట్టేస్తున్నాయి, దారం కడుతున్నాయి, గొంతు మగ్గం మీద ఎక్కి పోతోంది. మగ్గం కాస్త మందగిస్తే ఆమె కూడా మందగిస్తోంది, పుంజుకుంటే ఆమె కూడా పుంజుకుంటోంది. తను కత్తిరించి జరిపిన మాటలన్నీ ఎందుకు ముందుకూ వెనక్కూ పోయాయో వీరేష్‌కు అప్పుడు తెలిసింది. అమ్మకు తాళం అందకపోవడమేమిటి, ఆమె తాళాన్ని గొంతులోంచి తీసి అవతల పడేసింది తనే. వంటింటి గుమ్మంలో పూనం చేతిలో గరిటెతో నిలబడిపోయింది.

రికార్డింగు అయిపోయింది. ద్రౌపదమ్మ మాట మధ్యలో టక్కున ఆగి, తల ఎత్తి పైకి చూసింది.

"కరెంటు పోయిందా?" అంది.

పోలేదని, అది మగ్గం కాదని, కుంఠా నాకా రికార్డింగులోని చప్పుడని వీరేష్ చెప్పాడు. గొంతును శుభ్రం చేయడానికి దాన్ని విడగొట్టానని, చెరిపేయబోతున్నానని చెప్పాడు. ఆమె అతన్నీ, స్పీకర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇన్నేండ్లు నా పాటకెల్లి తీసెయ్యాలని సూసింది దీన్నేనా?"

అతను తల ఊపాడు. ఆమె నవ్వుదామనుకుంది కానీ ఏడుపు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా పనైపోయిందనుకున్న బిడ్డా," అంది. "ఎవలికి జెప్పుకోవాలె? పొద్దంత భయమైతుండె. ఇల్లే సప్పుడు జేస్తలేదు, గంతే."

వీరేష్ ఆమె మోకాళ్ల దగ్గర కూలబడ్డాడు. తునికాకు పొడి అంటిన చేత్తో ఆమె అతని తల నిమిరింది, అప్పుడెప్పుడో కంప్యూటర్ ఆగిపోయిన రోజున బుజ్జగించినట్టే.

ఆ తర్వాత రెండు రోజులు అతను చేసిన పని ఏమిటంటే, చెరపకుండా మిగిలిన రికార్డింగులన్నిటిలోంచీ మగ్గాన్ని విడదీసి, ఒకదాని చివర ఇంకోదాని మొదలు కలిపి, అతుకు తెలియకుండా పొడుగ్గా ఒకే వరుస చేశాడు. డోలు లేదు, కీబోర్డు లేదు. గీతలకు ఆనించలేదు, మందగించినచోట మందగించనిచ్చాడు. పూర్తయిందని చెబితే పూనం పూర్తిగా విని, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇన్నేండ్లకు ఒక్క పాట పూర్తి జేసినవ్," అంది. "అండ్ల పాటే లేకపాయె."

అత్తాకోడళ్లు ఇద్దరూ పడీపడీ నవ్వారు. వీరేష్ కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు.

పండుగనాడు సాయంత్రం అనికేత్ పెద్ద స్పీకర్లు తెచ్చి గ్రౌండులో ఒక మూల నిలబెట్టాడు. గునుగు, తంగేడు దొరికినవాళ్లు వాటితో, దొరకనివాళ్లు బంతిపూలతో బతుకమ్మలు పేర్చుకుని వచ్చారు. కాలనీలో అన్ని వైపుల నుంచీ జనం చేరారు, సగంమందికి ద్రౌపదమ్మ ఎవరో తెలియదు. వీరేష్ మగ్గం మొదలుపెట్టాడు. ఇంతమందిలో పండుగపూట కార్ఖానా చప్పుడేమిటని నవ్వుతారని అతనికి బెరుకు, అందుకని సౌండ్ బాగా తగ్గించి పెట్టాడు. అనుకున్నట్టే వెనక ఎవరో నవ్వారు. యమునాబాయి అనే మరాఠీ ఆవిడ, హే కాయ్ మిషన్ లావలంయ్, ఇదేం మిషను పెట్టారు అని పక్కావిడను అడిగింది.

ఆడవాళ్లు వరుస కట్టి వంగి నిలబడ్డారు. అందరి చూపులూ ద్రౌపదమ్మ మీదే. ఆమె నోరు తెరవలేదు. పెదాలు తడుపుకుంది, ఒకసారి చేతులు కలిపి విడిచింది. ఇక్కడ ఆగిపోతే అమ్మ ఇంకెప్పటికీ పాడదని వీరేష్‌కు తెలుసు. పరుగెత్తి వెళ్లి ఆమెను ఇంటికి తీసుకుపోదామా అనుకున్నాడు. అంతలో ఆమె జనం మధ్యలోంచి కొడుకు ఎక్కడున్నాడో వెతుక్కుని, అరచేతిని పైకెత్తి చూపింది, పెంచమని.

పెంచాడు. ఎంతదాకా పోతుందో అంతదాకా పెంచాడు. గ్రౌండు అదిరింది. ద్రౌపదమ్మ మొదటి చప్పట కొట్టి పాట ఎత్తుకుంది. పాత గల్లీవాళ్ల కాళ్లు చెప్పకుండానే కదిలాయి, వాళ్లను చూసి మిగతావాళ్లవీ కదిలాయి. నవ్వినవాళ్లు కూడా ఎప్పుడు వరుసలో దూరారో తెలియదు. రైలు, స్టేషను, పెంటప్ప, చివరికి కుంఠా నాకా వచ్చింది. అక్కడితో పాట అయిపోతుంది, అందరికీ తెలుసు. చంద్రభాగ ఆఖరి చప్పట కొట్టి నడుం ఎత్తబోయింది.

ద్రౌపదమ్మ ఆగలేదు.

కుంభారి కొచ్చినం ఉయ్యాలో
కొత్త గోడ కానినం ఉయ్యాలో

ఆ చరణం అప్పుడే పుట్టింది, కాబట్టి ఎవరికీ రాదు. ఉయ్యాలో అనడం మాత్రం అందరికీ వచ్చు. అదే అన్నారు.